చిన్న హయాటస్ హెర్నియా, రాత్రిపూట ఛాతీలో మంట: ఆపరేషన్ లేకుండా ఏం చేయొచ్చు?

దేవరకొండ నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వయసు 46. ఇంట్లో మిషన్ కుడతారు. రాత్రి పడుకోగానే ఛాతీలో మంట, తెల్లవారుజామున నోట్లోకి పుల్లటి నీళ్లు, పొద్దున లేచేసరికి గొంతు బొంగురు. ఎండోస్కోపీలో 'చిన్న స్లైడింగ్ హయాటస్ హెర్నియా, గ్రేడ్ ఎ ఎసోఫగైటిస్' అని రాశారు. ఎనిమిది నెలలుగా గ్యాస్ గోలీ వేసుకుంటున్నారు. మానేసిన రెండో రోజుకే మంట మళ్లీ మొదలవుతోంది. చుట్టాలు ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. యూట్యూబ్‌లో చూస్తే నీళ్లు తాగి మడమల మీద ఎగిరితే హెర్నియా కిందికి దిగుతుందని చెబుతున్నారు. ఏది నమ్మాలి, సహజంగా తగ్గించుకునే దారి ఉందా అని అడిగారు.

అమ్మా, నేను నల్లగొండ జిల్లాలో జనరల్ ఫిజీషియన్‌ని. మీలాంటి రిపోర్టు పట్టుకుని భయంభయంగా వచ్చేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. దారి ఉంది. కానీ ముందు మీ రిపోర్టులో ఏముందో అర్థం చేసుకుందాం, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఛాతీకి, కడుపుకి మధ్య డయాఫ్రమ్ అనే కండరం అడ్డంగా ఉంటుంది. మనం ఊపిరి తీసుకునేది దానితోనే. అన్నవాహిక దాంట్లో ఉన్న ఒక రంధ్రం గుండా కిందికి దిగి జీర్ణాశయంలో కలుస్తుంది. ఆ రంధ్రం వదులైతే జీర్ణాశయం పైభాగం కొద్దిగా ఛాతీలోకి జరుగుతుంది, మళ్లీ కిందికి వస్తుంది. ఇదే స్లైడింగ్ రకం. హయాటస్ హెర్నియాల్లో 90 శాతానికి పైగా ఇవే. వయసు పెరిగేకొద్దీ చాలామందికి వస్తుంది, ఏ బాధా లేక తమకు ఉందనే తెలియనివాళ్లూ ఎందరో. ఇక ఎసోఫగైటిస్ అంటే అన్నవాహిక లోపలి వాపు. అందులో గ్రేడ్ ఎ అంటే లోపలి పొరలో 5 మిల్లీమీటర్లకు మించని చిన్న గీతల్లాంటి పుండ్లు. ఎ నుంచి డి వరకు నాలుగు గ్రేడుల్లో ఇదే అన్నిటికంటే తక్కువ. మీ రిపోర్టు చూసి ఆపరేషన్ మాట నేనైతే ఎత్తను.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. జరిగిన కడుపును ఏ కషాయం, ఏ వ్యాయామం, ఏ మాత్రా శాశ్వతంగా కిందికి దించి కుట్టెయ్యలేదు. 'హెర్నియా కరిగిపోతుంది' అని పొడి అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. తగ్గేది మంట. కడుపులోని ఆమ్లం పైకి రాకుండా రెండు ఆపుతాయి. ఒకటి అన్నవాహిక అడుగున ఉండే బిగుతు కండరం, రెండోది దాని చుట్టూ పట్టుకుని ఉండే డయాఫ్రమ్. హెర్నియాలో ఈ రెండూ ఒకదానికొకటి తప్పుకుంటాయి కాబట్టి పట్టు తగ్గుతుంది. ఆ తగ్గిన పట్టు మీద కింది నుంచి ఒత్తిడి పెంచకుండా చూసుకుంటే హెర్నియా ఉన్నచోటే ఉన్నా మనిషి హాయిగా ఉంటాడు. నేను చెప్పబోయేవన్నీ ఈ ఒత్తిడి చుట్టూ తిరిగేవే.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది: 'మా ఆయన షాపు మూసి వచ్చేసరికి పది దాటుతుంది, ఆయన తిన్నాక నేను తింటాను, గిన్నెలు కడిగి పడుకుంటాను.' మీ జబ్బులో పెద్ద భాగం ఇక్కడే ఉందమ్మా. కడుపు నిండా అన్నం తిని గంటలోపు పడుకుంటే, మూతి వదులైన నిండు బిందెను పక్కకు వంచినట్టే, లోపలిది బయటికి రాక తప్పదు. తిన్న తర్వాత కడుపు చాలావరకు ఖాళీ కావడానికి కనీసం రెండు మూడు గంటలు కావాలి. కాబట్టి మీరు ఏడున్నర, ఎనిమిదికల్లా తినేయండి. ఆయన వచ్చాక వడ్డించండి, పక్కన కూర్చుని మాట్లాడండి, కానీ మళ్లీ తినకండి. మన ఇళ్లలో భర్త కంటే ముందు తినడం చాలామంది ఆడవాళ్లకు మనసొప్పదు, నాకు తెలుసు. అయినా ఇది మందు లాంటిదే అనుకోండి. ఆయన్ని ఒకసారి నా దగ్గరికో మీ డాక్టరు దగ్గరికో తీసుకురండి, విషయం చెబితే ఆయనే ఫోన్ చేసి 'తిన్నావా?' అని అడుగుతారు. ఈ ఒక్క మార్పుతో తెల్లవారుజాము పుల్లటి నీళ్లు ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఉన్నారు.

తర్వాత మంచం. తల కింద మూడు దిండ్లు పెట్టుకుంటున్నానని రాశారు. దానివల్ల మెడ, నడుము వంగి కడుపు నొక్కుకుంటుంది, ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. పైకి లేవాల్సింది తల కాదు, మంచం తలవైపు మొత్తం. తలవైపు రెండు కాళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు రావాలి. ఇంటి కట్టుబడిలో మిగిలిన ఇటుకలు రెండేసి పడుకోబెట్టి పేరిస్తే దాదాపు ఆ ఎత్తు వస్తుంది. మంచం కాలు జారకుండా ఇటుక మీద ఒక పాత సైకిల్ టైరు ముక్క వేయండి. అటూ ఇటూ ఊపి చూసి, కదలడం లేదని తేల్చుకున్నాకే పడుకోండి. మొదటి రెండు మూడు రాత్రులు కిందికి జారుతున్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. డబుల్ కాట్ లేపడం కుదరకపోయినా, మీరు కింద చాప మీద పడుకునేవారైనా, పరుపులు కుట్టే షాపులో ఫోమ్‌ను వాలుగా కోయించుకోండి. తలవైపు ఏడెనిమిది అంగుళాల మందం ఉండి, నడుము దగ్గరికి వచ్చేసరికి పలుచబడాలి. నడుము నుంచి తల దాకా ఒకే వాలు, మధ్యలో మడత పడకూడదు.

ఎడమవైపు తిరిగి పడుకోండి. అలా పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది, పైకి వచ్చిన ఆమ్లం కూడా త్వరగా వెనక్కి జారుతుంది. కుడివైపు పడుకుంటే దీనికి పూర్తిగా వ్యతిరేకం. నిద్రలో తిరిగిపోతుంటే వీపు వెనక ఒక గట్టి దిండు పెట్టుకోండి.

ఇప్పుడు మీ పని సంగతి. మిషన్ మీద ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటారు, అదీ మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే. పైగా లంగా నాడా బిగుతుగా ఉంటుంది. సాయంత్రం చీర మార్చుకునేటప్పుడు నడుము చుట్టూ నాడా అచ్చు ఎర్రగా లోతుగా కనిపిస్తుందా, ఒకసారి చూడండి. కనిపిస్తే ఆ ఒత్తిడి అంతా రోజంతా మీ కడుపు మీద పడినట్టే. మీరే టైలర్ కాబట్టి నాడా బదులు రెండంగుళాల వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ వేసి కుట్టుకోండి, ఇంట్లో ఉన్నప్పుడు నైటీ వేసుకోండి. కుర్చీ ఎత్తు పెంచుకుంటే వీపు నిటారుగా ఉండి కూడా బట్ట కనిపిస్తుంది. తిన్న తర్వాత ఓ గంటపాటు మిషన్ ముట్టుకోకుండా కాజాలు, హుక్కులు లాంటి చేతి పని ఏదైనా నిటారుగా కూర్చుని చేసుకోండి. నీళ్ల బిందెలు, బియ్యం మూటలు ఎత్తే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి. మగవాళ్లు చదువుతుంటే బెల్టు విషయంలోనూ ఇదే మాట.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో, అంటే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బుతో, వెన్ను ముందుకు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తుంటాను. వంగిన వెన్ను వల్ల కడుపు మీద ఒత్తిడి ఎక్కువ, దానికితోడు కీళ్ల నొప్పులకు రోజూ మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ గోలీలు. ఈ గోలీలు కడుపు పొరను దెబ్బతీస్తాయి. మీరూ మోకాళ్ల నొప్పికి ఏదైనా వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ లాంటి మందులు కూడా ఆ బిగుతు కండరాన్ని కొంత వదులు చేస్తాయి. అలాగని మీ అంతట మీరు మానకండి, మార్చే వీలుందా అని అడగండి.

బరువు గురించి. ఎత్తు ఐదడుగులు, బరువు 68 కిలోలు అన్నారు. ఆ ఎత్తుకు ఇది ఎక్కువే, మన శరీర తత్వంలో అది ముందుగా పొట్ట దగ్గరే చేరుతుంది. అమెరికాలో వేలాది మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 3.5కు పైగా తగ్గిన ఆడవాళ్లలో తరచూ మంట వచ్చే అవకాశం దాదాపు 40 శాతం తగ్గింది. మీ ఎత్తుకు లెక్కేస్తే అది 8 కిలోలు. ఆరేడు నెలల్లో నెమ్మదిగా తగ్గించుకోవచ్చు. రాత్రి అన్నం తగ్గించడం, ఉదయం నడక, టీతో తినే బిస్కెట్లు మానడం, ఇంతకంటే పెద్ద డైట్ ఏమీ అక్కర్లేదు. రోజంతా పస్తుండి రాత్రి ఒకేసారి తినే పద్ధతి మాత్రం మీకు పనికిరాదు.

తిండి విషయంలో అందరికీ ఒకే పట్టీ రాసిచ్చే అలవాటు నాకు లేదు. ఒకరికి టమాట పడదు, ఇంకొకరికి అదే టమాటతో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మన దగ్గర రాత్రిపూట పెట్టుకునే కొన్నిటి మీద నాకు గట్టి అనుమానం ఉంటుంది. పచ్చిపులుసు చూడండి: చింతపండు పులుపు, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, మూడూ ఒకే గిన్నెలో. పగలు సరిపడినా రాత్రి తింటే మంట వచ్చేవాళ్లు చాలామంది. అలాగే సాయంత్రం మిర్చి బజ్జీ, దాని వెంట చాయ్, ఆదివారం రాత్రి నూనె తేలే మటన్, దావత్‌లో బిర్యానీ తర్వాత కూల్‌డ్రింక్. కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, గ్యాస్ ఉన్న పానీయాలు కడుపును ఉబ్బిస్తాయి. మటన్ తినాలనిపిస్తే మధ్యాహ్నం తినండి, కొద్దిగా తినండి. కల్లు, మద్యం, జర్దా, గుట్కా, బీడీ ఇవన్నీ మంటను పెంచేవే. ఇంట్లో ఎవరికైనా ఇదే బాధ ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

రాత్రికి జొన్న రొట్టె ఒకటి రెండు, పెసరపప్పు, సొరకాయో బీరకాయో కూర, పలుచటి మజ్జిగ. ఇది చాలామందికి పడుతుంది. పొద్దున జొన్న గటక మజ్జిగతో బాగుంటుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ రోజు మంట వచ్చిందో, ఆ రోజు ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో రాయండి. అనుమానం వచ్చిన ఒక్క పదార్థాన్ని రెండు వారాలు మానండి, తర్వాత మళ్లీ తిని చూడండి. తేడా లేకపోతే హాయిగా తినండి. అన్నీ ఒకేసారి మానేసి చప్పిడి కూడు తిన్నవాళ్లు నెల తిరక్కుండానే విసిగిపోయి మొత్తం వదిలేస్తారు.

ఇంటి వైద్యాల్లో కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. సోంపు, జీలకర్ర నీళ్లు ఉబ్బరానికి పర్వాలేదు. పుదీనా మాత్రం ఆ బిగుతు కండరాన్ని వదులు చేస్తుంది, మీకు వద్దు. పరగడుపున నిమ్మరసం, యాపిల్ సిడార్ వెనిగర్ అని చెప్పేవాళ్లుంటారు, పుండు పడిన అన్నవాహిక మీద ఆమ్లం పోయడం ఏం వైద్యమో నాకు అర్థం కాదు. చల్లటి పాలు తాగితే కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత కడుపు ఇంకాస్త ఆమ్లం ఊరిస్తుంది. తినే సోడా గురించి జాగ్రత్త: ఒక చెంచాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజుకు 2,000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్నవాళ్లు రోజూ సోడా కలుపుకుని తాగడం ప్రమాదం. అతిమధురం కూడా ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. మలబద్ధకం ఉంటే ఇసబ్‌గోల్ గ్లాసెడు నీళ్లతో తీసుకోండి. ముక్కడం వల్ల కడుపు మీద పడే ఒత్తిడి తక్కువేం కాదు. పాత దగ్గు ఉన్నా అంతే, దానికీ వైద్యం చేయించుకోవాలి.

మడమల మీద ఎగరడం. స్లైడింగ్ హెర్నియా ఎలాగూ పైకీ కిందికీ జరుగుతూనే ఉంటుంది. ఒకవేళ ఎగిరినప్పుడు కిందికి దిగినా, ఒక్కసారి దగ్గితే మళ్లీ పైకి పోతుంది. దానివల్ల జబ్బు నయమైనట్టు నమ్మదగిన రుజువు లేదు. 46 ఏళ్ల మోకాళ్లను దానికి బలిపెట్టకండి. కడుపును చేత్తో బలంగా కిందికి నొక్కే మర్దనలూ వద్దు.

దానికి బదులు ఊపిరి సాధన చేయండి. నాకు దీనిమీద నమ్మకం ఎందుకంటే అది నేరుగా డయాఫ్రమ్‌కే వ్యాయామం. ఆస్ట్రియాలో చేసి 2012లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో నాలుగు వారాలు పొట్టతో ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నవాళ్లలో అన్నవాహికలోకి వచ్చే ఆమ్లం తగ్గింది. పెద్ద హెర్నియా ఉన్నవాళ్లకు ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం, మీది చిన్నది. పొద్దున ఖాళీ కడుపుతో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు పైన పెట్టండి. ముక్కుతో నెమ్మదిగా నాలుగు లెక్కించేదాకా ఊపిరి తీసుకోండి. బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి కదలకూడదు. మొదట్లో ఛాతీయే లేస్తుంది, కంగారు పడకండి. బొడ్డు దగ్గర ఒక చిన్న పుస్తకం పెట్టుకుంటే అది లేస్తుందో లేదో మీకే కనిపిస్తుంది. ఆరు లెక్కించేదాకా ఊపిరి వదలండి. పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. బాగా అలవాటయ్యాక భోజనం తర్వాత నిటారుగా కూర్చుని కూడా చేయొచ్చు. యోగాలో కపాలభాతి, శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, ముందుకు బాగా వంగే ఆసనాలు మీకు వద్దు. తిన్నాక వజ్రాసనం లేదా నెమ్మదిగా నడక చాలు.

ఇక గోలీ. ఎనిమిది నెలలుగా వాడుతున్న దాంట్లో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కూడా ఉంది, పేరు చివర 'డి' అంటే అదే. పాంటోప్రజోల్ కొందరికి ఎక్కువ కాలం అవసరమవుతుంది, డోంపెరిడోన్ మాత్రం నెలల తరబడి వాడేది కాదు, గుండె లయ మీద ప్రభావం చూపుతుంది. దీన్ని మీ డాక్టరుతో మాట్లాడి ముందుగా తీయించండి. పాంటోప్రజోల్ అన్నం తిన్నాక వేసుకుంటే సగం వృథా, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న ఆమ్లం కొన్ని వారాలపాటు మామూలు కంటే ఎక్కువగా ఊరుతుంది. మీకు రెండో రోజే మంట రావడానికి అదొక కారణం. 'గోలీ లేకుండా బతకలేను' అని దాన్నిబట్టి తేల్చేసుకోకండి. పై మార్పులన్నీ కనీసం ఆరు వారాలు చేశాక, డాక్టరు సలహాతో మోతాదు సగానికి, తర్వాత రోజు విడిచి రోజుకు తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో మంట వచ్చిన రాత్రి కడుపులో నురగలాంటి పొర ఏర్పరిచే ఆల్జినేట్ సిరప్ తాగొచ్చు. ఏళ్ల తరబడి గోలీ అవసరమైనవాళ్లు అప్పుడప్పుడు బీ12, మెగ్నీషియం పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఈ మాట మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఛాతీలో మంట, బరువు అనగానే 'గ్యాస్' అనుకుని సోడా తాగి పడుకోవడం మన ఊళ్లలో ప్రాణాలు తీస్తోంది. నడిస్తే, మెట్లెక్కితే వచ్చే నొప్పి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి అంత స్పష్టంగా ఉండకపోవచ్చు కూడా. వెంటనే 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించాలి, గ్యాసా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. అలాగే ముద్ద గొంతు దిగాక ఛాతీలో ఆగిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు కనిపిస్తే ఇంటి జాగ్రత్తలతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పెద్ద హెర్నియా ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి పై కడుపులో భరించలేని నొప్పి వచ్చి, వాంతికి వస్తున్నట్టు ఉండి ఏమీ రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు, అది అత్యవసరం.

ఆపరేషన్ ఎవరికంటే, జీర్ణాశయం అన్నవాహిక పక్కనుంచి పైకి ఎక్కి ఇబ్బంది పెడుతున్నవాళ్లకు, సరైన మోతాదులో మందు వాడినా తిన్నది నోట్లోకి వస్తూనే ఉన్నవాళ్లకు, పుండ్లు తీవ్రంగా ఉండి మానని వాళ్లకు. వాళ్లకు అది నిజంగా మేలు చేస్తుంది. అయితే జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే ఆ ఆపరేషన్ తర్వాత కొందరికి తేన్పు రాక కడుపుబ్బరం, మింగడంలో ఇబ్బంది ఉంటాయి, కొందరు కొన్నేళ్లకు మళ్లీ గోలీలు వాడాల్సి వస్తుంది. మీరు మూడు నెలలు ఇవన్నీ పట్టుదలగా చేసి, నోటు పుస్తకం తీసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటికీ మంట తగ్గకపోతే, ఎవరైనా ఆపరేషన్ అంటే, దానికి ముందు 24 గంటల పీహెచ్ పరీక్ష, అన్నవాహిక మ్యానోమెట్రీ చేశారా అని అడగండి. నిజంగా ఆమ్లమే పైకి వస్తోందా, అన్నవాహిక కదలికలు సరిగ్గా ఉన్నాయా అన్నది ఈ రెండిటితోనే తెలుస్తుంది. అవి లేకుండా తేదీ ఇస్తామంటే ఆగి, హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో గాంధీలోనో గ్యాస్ట్రో విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోండి.